ఒక మహాసంఖ్య చరిత్రము

429,49,67,297. నాలుగువందల ఇరువది తొమ్మిది కోట్ల నలువది తొమ్మిది లక్షల అరువది ఏడువేల రెండువందల తొంబది ఏడు. చూచుటకు ఇది పది అంకెలు గల ఒక సామాన్య సంఖ్య. ఏ ఆదాయవ్యయముల పట్టికలోనో కనబడినచో దీనిని ఎవరును రెండవమారు చూడరు. అయినను గణితశాస్త్ర చరిత్రమున దీనికి ఒక విశిష్టస్థానము కలదు. గొప్ప బుద్ధిమంతుడొకడు దీనిని గూర్చి పొరబడెను. ఆ పొరపాటు తొంబది రెండు సంవత్సరములు దిద్దుబాటు లేక నిలిచెను. పిమ్మట మరియొక బుద్ధిమంతుడు ఒక చిన్న భాగహారముతో దానిని సరిదిద్దెను. ఆ వృత్తాంతమును తెలిసికొన్నచో సంఖ్యల స్వభావమే గాక సత్యాన్వేషణ పద్ధతియు కొంత బోధపడును.

మొదట ప్రధాన సంఖ్య యనగా నేమో జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. ఒకటిచేతను తనచేతను తప్ప మరి దేనిచేతను నిశ్శేషముగా భాగింపబడని సంఖ్య ప్రధాన సంఖ్య. 7, 13, 97 అట్టివి. 15 అట్టిది కాదు. అది మూడైదుల గుణితము. 3, 5 దానికి కారణాంకములు. ఒక సంఖ్య ప్రధానమా కాదా యని తేల్చుటకు దానిని చిన్న ప్రధాన సంఖ్యలతో వరుసగా భాగించి చూడవలెను. అయితే వర్గమూలము దాటి పోనక్కరలేదు. ఏలయన, ఒక సంఖ్య రెండు సంఖ్యల గుణితమైనచో ఆ రెండును వర్గమూలముకంటె పెద్దవి కాజాలవు. 97ను 2, 3, 5, 7 లతో భాగించి చూచినచో చాలును. చిన్న సంఖ్యలకు ఈ పని క్షణములో ముగియును. సంఖ్య పెరిగినకొలది శ్రమ పెరుగును.

పైన చెప్పిన మహాసంఖ్య ఎట్లు పుట్టినదో ఇక చూడవలెను. దానినుండి ఒకటి తీసివేసినచో 429,49,67,296 వచ్చును. ఇది 2ను ముప్పది రెండుమారులు వేసి గుణింపగా వచ్చునది. 2³² అని వ్రాయుదురు. ఛందస్సు నేర్చిన విద్యార్థికి ఇట్టి సంఖ్యలు క్రొత్తవి కావు. ఒక అక్షరము గురువో లఘువో కావచ్చును. అవి రెండు విధములు. రెండక్షరములకు నాలుగు విధములు. మూడక్షరములకు ఎనిమిది విధములు. అవియే యగణము మొదలగు ఎనిమిది గణములు. అక్షర మొకటి పెరిగినప్పుడెల్ల విధముల సంఖ్య రెట్టింపగును. ఎనిమిదేసి అక్షరములు గల నాలుగు పాదముల అనుష్టుప్పు నందు మొత్తము ముప్పది రెండక్షరములుండును. ఇతర నియమములను విడిచి గురులఘువుల అమరికనే లెక్కించినచో అవి సరిగా 429,49,67,296 విధములుగా నుండవచ్చును.

ఇంత పెద్ద సంఖ్యను కనుగొనుటకు ముప్పది ఒక్క గుణకారములు చేయనక్కరలేదు. ప్రాచీనుడగు పింగళుడు తన ఛందశ్శాస్త్రమున దీనికొక సులభోపాయము చూపెను. అక్షరసంఖ్యను సగము చేయుచు పోయి, సగము చేసినప్పుడెల్ల ఫలమును వర్గము చేయవలెను. ముప్పది రెండులో సగము పదునారు, దానిలో సగము ఎనిమిది, పిమ్మట నాలుగు, రెండు, ఒకటి. కావున 2ను ఐదుమారులు వర్గము చేసిన చాలును. 2 యొక్క వర్గము 4; 4 యొక్క వర్గము 16; 16 యొక్క వర్గము 256; 256 యొక్క వర్గము 65,536; దాని వర్గము 429,49,67,296.

ఈ వరుసలోని ప్రతి సంఖ్యకును ఒకటి కలిపినచో 3, 5, 17, 257, 65,537, 429,49,67,297 అను సంఖ్యలు వచ్చును. క్రీ.శ. 1640లో ఈ వరుస ఫ్రాన్సు దేశీయుడగు పియేర్ ద ఫెర్మా మనస్సును ఆకర్షించెను. ఆయన తులూజ్ నగరమున న్యాయస్థానమునకు సంబంధించిన పదవిలో నుండెను. గణితము ఆయనకు వృత్తి కాదు. తీరిక వేళల వినోదము. అయినను ఆ కాలమున సంఖ్యాశాస్త్రమున ఆయనకు సాటివారు లేరు. 3, 5, 17 ప్రధాన సంఖ్యలని చూచినంతనే తెలియును. 257 కూడ ప్రధానమే. 65,537 వర్గమూలము 256కు పైన నించుక మాత్రమే. దాని లోపల గల ప్రధాన సంఖ్యలు 54 మాత్రమే. వానితో భాగించి చూచినచో అదియు ప్రధానమని తేలును. వరుసగా ఐదు సంఖ్యలు ప్రధానములైనవి. ఇక ఈ వరుసలో ఎంతదూరము పోయినను అన్నియు ప్రధాన సంఖ్యలే యని ఫెర్మా విశ్వసించి మిత్రులకు లేఖలు వ్రాసెను. అయితే తనకు ఉపపత్తి లభింపలేదని కూడ ఆయన దాచక చెప్పెను. పదునాలుగు సంవత్సరముల తరువాత, 1654లో పాస్కల్ అను పండితునకు వ్రాసిన లేఖలోను ఆ మాటనే చెప్పి, ఉపపత్తి కనుగొనుట కష్టమని ఒప్పుకొనెను. ఆయన 1665లో మరణించెను. ఆ విశ్వాసము మాత్రము నిలిచెను.

ఆరవ సంఖ్యను ఎవరును ఏల పరీక్షింపలేదని విద్యార్థికి సందేహము కలుగవచ్చును. ఆ సంఖ్య వర్గమూలము 65,536ను కొంచెము దాటును. దాని లోపల 6,542 ప్రధాన సంఖ్యలు కలవు. పది అంకెల సంఖ్యను ఒక్కొక్క దానితో చేతితో భాగింపవలసియున్నచో ఎంతటి ఓపికగలవాడైనను వెనుదీయును. అదియుగాక, ఫెర్మా వంటి మేధావి చెప్పిన మాటను శంకించుటకు సామాన్యులు సాహసింపరు.

1729లో మాస్కో నగరమున నివసించుచుండిన గోల్డ్‌బాఖ్ అను విద్వాంసుడు సెంట్ పీటర్స్‌బర్గు విద్యాపరిషత్తులో నున్న లెయొనార్డ్ ఆయిలర్‌నకు ఒక లేఖ వ్రాసెను. ఫెర్మా చెప్పిన ఈ మాట నిజమేనా యని అందులో నడిగెను. ఆయిలర్ స్విట్జర్లాండు దేశమున జన్మించిన యువకుడు. మొదట ఆయన ఈ ప్రశ్నను అంతగా పట్టించుకొనలేదు. గోల్డ్‌బాఖ్ విడువక మరల వ్రాసెను. క్రమముగా ఆయిలర్‌నకు ఆసక్తి కలిగెను. 1732లో, తన ఇరువది ఐదవ యేట, ఆయన ఫలితమును ప్రకటించెను. 429,49,67,297 ప్రధాన సంఖ్య కాదు, అది 641చేత నిశ్శేషముగా భాగింపబడును, భాగఫలము 67,00,417. ఇంతయు ఒక చిన్న వాక్యము. దానితో ఫెర్మా విశ్వాసము కూలిపోయెను.

ఆయిలర్ ఆరువేల ఐదువందల భాగహారములు చేయలేదు. ఏ సంఖ్యలతో భాగింపవలెనో ముందుగా ఆలోచించెను. ఆ ఆలోచన యొక్క మూలమును ఒక చిన్న ఉదాహరణముతో గ్రహింపవచ్చును. 2ను వరుసగా రెట్టించుచు, ప్రతిమారును 17తో భాగించి శేషమును మాత్రము వ్రాసికొన్నచో 2, 4, 8, 16, 15, 13, 9, 1 అని వచ్చును. 1 వచ్చిన తరువాత మరల 2, 4, 8 అని మొదటినుండి ఆరంభమగును. శేషములు ఇట్లు చక్రమువలె తిరుగుచుండును. ఈ చక్రము యొక్క నిడివి ఎనిమిది. 17లో ఒకటి తగ్గింపగా 16. దానిని ఎనిమిది నిశ్శేషముగా భాగించును. 7తో భాగించినచో శేషములు 2, 4, 1, నిడివి మూడు. 7లో ఒకటి తగ్గింపగా 6. దానిని మూడు భాగించును. భాజకము 2 కాక వేరే ఏ ప్రధాన సంఖ్య యైనను ఇట్లే జరుగును. దీనిని కనిపెట్టినవాడు ఫెర్మాయే.

ఇక ఏదో యొక ప్రధాన సంఖ్య మన మహాసంఖ్యను భాగించుననుకొందము. మహాసంఖ్య 2³² కంటె ఒకటి ఎక్కువ. కావున 2³²ను ఆ ప్రధాన సంఖ్యతో భాగించినచో భాజకమునకు ఒకటి తక్కువైన శేషము మిగులును. అట్టి శేషమును వర్గము చేసి మరల భాగించినచో 1 మిగులును. 7 భాజకమైనప్పుడు 6 యొక్క వర్గము 36, దాని శేషము 1 అగునట్లే. అనగా 2⁶⁴ నొద్ద శేషము 1 వచ్చును. అంతకు ముందే చక్రము ముగియుటకు వీలులేదు. ముగిసినచో దాని నిడివి 64ను భాగించు చిన్న సంఖ్య కావలెను. అప్పుడు 2³² నొద్దను 1 వచ్చియుండవలెను. అక్కడ వచ్చినది 1 కాదు. కావున చక్రపు నిడివి సరిగా 64. ఆ ప్రధాన సంఖ్యలో ఒకటి తగ్గించినచో 64చేత భాగింపబడవలెను.

ఈ ఒక్క నియమముతో మహారణ్యము చిన్న తోట యైపోయెను. 64 యొక్క గుణిజములకు ఒకటేసి కలుపగా 65, 129, 193, 257, 321, 385, 449, 513, 577, 641 వచ్చును. వీనిలో ప్రధాన సంఖ్యలు 193, 257, 449, 577, 641 మాత్రమే. మొదటి నాలుగింటితో భాగించినచో శేషము మిగులును. ఐదవదానితో శేషము లేదు. ఐదు భాగహారములు చాలినవి! 1878లో ఫ్రెంచి గణితజ్ఞుడు లూకా 64కు బదులు 128 గుణిజములనే తీసికొనవచ్చునని చూపెను. అప్పుడు 641కి ముందు మిగులు ప్రధాన సంఖ్య 257 ఒక్కటియే.

641 నిజముగా భాగించునని విద్యార్థి స్వయముగా సరిచూచుకొనవచ్చును. పది అంకెల సంఖ్యతో పనిలేదు. 65,536ను 641తో భాగింపగా శేషము 154. 154 యొక్క వర్గము 23,716. 641ని 37తో గుణింపగా 23,717. అనగా 154 యొక్క వర్గము ఆ గుణిజమునకు సరిగా ఒకటి తక్కువ. మహాసంఖ్య 65,536 యొక్క వర్గమునకు ఒకటి కలుపగా వచ్చినదే కదా! ఆ తక్కువైన ఒకటి కలిసినంతనే శేషము పోవును.

ఇంతకంటెను అందమైన మార్గమొకటి కలదు. 641 రెండు విధములుగా కనబడుచున్నది. 5ను 128తో గుణించి ఒకటి కలిపిన 641. 625కు 16 కలిపినను 641. 625 అనగా 5⁴, 128 అనగా 2⁷. ఏ సంఖ్య యొక్క నాల్గవ ఘాతములో నుండియైనను ఒకటి తీసివేసినచో, ఆ సంఖ్యకు ఒకటి కలిపిన మొత్తముచేత అది భాగింపబడును. కావున 640 యొక్క నాల్గవ ఘాతములో ఒకటి తగ్గింపగా వచ్చునది 641చేత భాగింపబడును. ఆ నాల్గవ ఘాతము 625 × 2²⁸. మరియొక వైపున, 625 × 2²⁸ నకు 16 × 2²⁸ కలిపినచో 641 × 2²⁸ అగును. అదియు 641చేత భాగింపబడును. 16 × 2²⁸ అనగా 2³². ఈ రెండవదానినుండి మొదటిదానిని తీసివేయగా మిగులునది 2³² + 1. భాగింపబడు రెండు సంఖ్యల భేదమును భాగింపబడును గదా. కావున మన సంఖ్య 641చేత భాగింపబడక తప్పదు. ఇందు పెద్ద భాగహారము ఒకటియు లేదు.

భాగఫలమగు 67,00,417 మాటయేమి? దానికి మరల కారణాంకములున్నచో అవియు మహాసంఖ్యకు కారణాంకములే; కావున అవియు పై నియమమునకు లోబడవలెను. దాని వర్గమూలము 2,589కి లోపల. లూకా నియమము ప్రకారము, 257ను విడిచినచో, పరీక్షింపవలసిన ప్రధాన సంఖ్యలు 641, 769, 1,153, 1,409 మాత్రమే. వానితో భాగింపగా వరుసగా 44, 120, 334, 622 శేషములు మిగులును. కావున 67,00,417 ప్రధాన సంఖ్య. మహాసంఖ్యకు కారణాంకములు ఆ రెండే, మూడవది లేదు.

ఈ సంఖ్యను గూర్చి ఒక వింత సంఘటన చెప్పుదురు. అమెరికా దేశపు జిరా కోల్‌బర్న్ అను బాలుడు మనోగణితమున ప్రసిద్ధుడు. 1812లో, ఎనిమిదేండ్ల వయస్సున, అతనిని లండను నగరమునకు తీసికొనిపోయి విద్వాంసుల యెదుట పరీక్షించిరి. 429,49,67,297ను గూర్చి అడుగగా ఆ బాలుడు కాగితము కలము లేకయే 641చేత అది భాగింపబడునని చెప్పెనట. ఎట్లు తెలిసినదని అడిగిన మాత్రము చెప్పలేకపోయెను. అట్టి శక్తి అపూర్వమే. అయినను ఆయిలర్ మార్గము నేర్చినవాడు తాను చేసిన పనిని ఇతరులకును నేర్పగలడు. శాస్త్రమునకు కావలసినది అది.

ఈ సంఖ్యకు పొరుగుననున్న సంఖ్యయు సామాన్యమైనది కాదు. 3ను 5తో గుణింపగా 15; ఇది 17కంటె రెండు తక్కువ. 15ను 17తో గుణింపగా 255. ఇది 257కంటె రెండు తక్కువ. దానిని 257తో గుణింపగా 65,535. ఇది 65,537కంటె రెండు తక్కువ. దానిని 65,537తో గుణింపగా 429,49,67,295. ఇది మన మహాసంఖ్యకంటె రెండు తక్కువ! ఫెర్మా వరుసలోని ఏ రెండు సంఖ్యలకును సామాన్య కారణాంకము లేదని దీనివలన తెలియుచున్నది. అట్టిది ఉన్నచో అది 2ను కూడ భాగింపవలెను. కాని ఇవి యన్నియు బేసి సంఖ్యలు. పైన 257ను విడిచిపెట్టుటకు కారణమిదియే.

1796 మార్చి 30వ తేదీన జర్మనీ దేశమున గౌస్ అను పదునెనిమిదేండ్ల విద్యార్థి ఈ వరుసకు ఊహింపని ప్రయోజనమును కనిపెట్టెను. గుర్తులు లేని బద్దయు, వృత్తలేఖినియు మాత్రమే ఉపయోగించి పదునేడు సమభుజములు, సమకోణములు గల బహుభుజిని గీయవచ్చునని ఆయన నిరూపించెను. గ్రీకులు సమత్రిభుజమును, సమపంచభుజిని గీయనేర్చిరి. పదునేడు భుజముల మాట రెండువేల సంవత్సరములు ఎవరికిని తట్టలేదు. గౌస్ అప్పటివరకు భాషాశాస్త్రము చదువుటయా, గణితము చదువుటయా యని ఊగిసలాడుచుండెను. ఆ దినముతో సందేహము తీరి గణితమునే వరించెను. బేసి సంఖ్య భుజములు గల సమబహుభుజిని ఇట్లు గీయవలెనన్నచో, ఆ సంఖ్య ఫెర్మా వరుసలోని ప్రధాన సంఖ్య కావలెను, లేదా అట్టి వేర్వేరు ప్రధానముల గుణితము కావలెను. మరి యేదియు పనికిరాదని 1837లో వాంట్సెల్ అను ఫ్రెంచి పండితుడు ఉపపత్తి నిచ్చెను. తెలిసిన ఐదు ప్రధానములతో ఇట్టి సంఖ్యలు ముప్పది యొకటి మాత్రమే ఏర్పడును. వానిలో అన్నిటికంటె పెద్దది 429,49,67,295. మన సంఖ్య ప్రధానమై యున్నచో ఈ పట్టిక అక్కడ ఆగియుండెడిది కాదు.

ఆయిలర్ తరువాత వరుసలోని ఏడవ సంఖ్యపై పండితుల దృష్టి పడెను. అది ఇరువది అంకెల సంఖ్య: 18446744073709551617. 1880లో ఎనుబది రెండేండ్ల వృద్ధుడగు లాండ్రీ దానికి 2,74,177 ఒక కారణాంకమని ప్రకటించెను. ఎనిమిదవ సంఖ్య 1970లోను, తొమ్మిదవది 1980లోను గణనయంత్రముల సాయమున విడివడినవి. ఆ పిమ్మట పరీక్షకు నిలిచిన ప్రతి సంఖ్యయు సంయుక్తమనియే తేలినది. 65,537 తరువాత ఈ వరుసలో ప్రధాన సంఖ్య నేటివరకు ఒక్కటియు దొరకలేదు. ఇక లేదని నిరూపించినవారును లేరు.

2³² నేటి కాలమున నిత్యజీవితములోనికి కూడ వచ్చినది. గణనయంత్రము ఒకటి, సున్న అను రెండు గుర్తులతోనే సమస్తమును వ్రాసికొనును. ఛందస్సు గురులఘువులతో వ్రాసికొనునట్లే. ఇంటర్‌నెట్టునందు యంత్రములకు మొదట ఏర్పరచిన చిరునామాలు ముప్పది రెండు స్థానములు గలవి. కావున అవి మొత్తము 429,49,67,296. ఒకప్పుడు ఇవి తరుగవని తలంచిరి. 2011లో ప్రపంచ కేంద్రనిధిలో పంచుటకు మిగిలిన చిరునామాలు తీరిపోయినవి.

ఈ చరిత్రమున అన్నిటికంటె ఆలోచింపదగినది వేరొకటి కలదు. ఆయిలర్‌నకు ఉపకరించిన ఆయుధము ఫెర్మా చేతిలోనే యుండెను. శేషముల చక్రమును గూర్చిన నియమము ఆయన కనిపెట్టినదే. ఆ 1640వ సంవత్సరముననే అట్టి నియమముతో 2³⁷ నుండి ఒకటి తీసివేయగా వచ్చు సంఖ్యను 223 భాగించునని ఆయన చూపెను. అదే పరీక్షను తన ప్రియమైన వరుసకు చేసియున్నచో ఐదు భాగహారములలో సత్యము తెలిసియుండెడిది. ఐదు సంఖ్యలు అనుకూలముగా నుండుట చూచి ఆయన ఆరవదానిని నమ్మెను. లోకమున అనేక విషయములలో ఐదు సాక్ష్యములు చాలును. గణితమున ఐదుగాక ఐదుకోట్ల ఉదాహరణములైనను ఉపపత్తికి సాటిరావు. ఒక్క విరుద్ధోదాహరణము మాత్రము ఎంతటి మాటనైనను తీసివేయును.

అంతమాత్రమున ఫెర్మా గౌరవము తగ్గలేదు. ఈ విషయమున తనకు ఉపపత్తి లభింపలేదని ఆయన మిత్రులకు వ్రాసిన లేఖలలో ఒప్పుకొనెను. ఆ నిజాయితీ వలననే ప్రశ్న ప్రశ్నగా నిలిచి, గోల్డ్‌బాఖ్ కంటబడి, ఆయిలర్ చేతికి చేరెను. నేటికిని 3, 5, 17 మొదలగువానిని ఫెర్మా సంఖ్యలనియే పిలుతురు. ఆయన పొరబడిన సంఖ్యయు వానిలో నొకటి.